ఆప్టమర్ మందులు వస్తున్నాయట కదా, అమ్మకి బయోలాజిక్ ఇంజెక్షన్ వాయిదా వేసి వాటి కోసం ఆగొచ్చా?

మీరు రాసింది క్లుప్తంగా చెప్పుకుంటే ఇదీ సంగతి. అమ్మగారికి అరవై దాటాయి. కొన్నేళ్లుగా రుమటాయిడ్ ఆర్థరైటిస్, మన వాడుకలో కీళ్లవాతం. మెథోట్రెక్సేట్‌తో నెట్టుకొస్తున్నారు గానీ ఈ మధ్య వేళ్ల కణుపులు మళ్లీ వాస్తున్నాయి, పొద్దున లేచాక గంటసేపు పిడికిలి ముడవలేకపోతున్నారు. రుమటాలజిస్టు అడాలిముమాబ్ అనే యాంటీబాడీ ఇంజెక్షన్ (బయోలాజిక్ మందు) మొదలుపెడదామన్నారు. ఇంతలో మీ బావగారు వాట్సాప్‌లో ఒక వీడియో పంపారు: యాంటీబాడీ మందుల పని అయిపోయింది, ఆప్టమర్లు వస్తున్నాయి, సైడ్ ఎఫెక్టులు ఉండవు, ధర కూడా తక్కువ అని. ఆగొచ్చా, కుదిరితే ఏదైనా ట్రయల్లో చేర్పించొచ్చా అని మీ ప్రశ్న.

ఆగొద్దు. కీళ్లవాతానికి గానీ, సోరియాసిస్‌కి గానీ, పేగుపూతకి గానీ ఆమోదం పొందిన ఆప్టమర్ మందు ఇవాళ ప్రపంచంలో ఎక్కడా లేదు. ఆమోదం దరిదాపుల్లో ఉన్నదీ లేదు. మీరు ఆగేది ఏళ్ల తరబడి అవుతుంది, కీళ్లలో ఎముక అరగడం మాత్రం ఆగదు. అలా అరిగింది మళ్లీ మొలవదు.

నేను డాక్టర్ని కాను. ఆప్టమర్లను వెతికి పట్టే ల్యాబుల్లో, ఆ తర్వాత ఇలాంటి అణువుల తయారీ, నాణ్యత పరీక్షల్లో చాలా ఏళ్లు పనిచేశాను. కాబట్టి మందు సంగతి నేను చెప్పగలను, అమ్మగారి సంగతి ఆవిడ డాక్టరే చెప్పాలి. వీడియో మొత్తం అబద్ధమైతే ఇంత రాయాల్సిన పని ఉండేది కాదు. అందులో సగం నిజమే, చిక్కంతా అక్కడే.

అసలు ఆప్టమర్ అంటే

పొట్టి డీఎన్‌ఏ లేదా ఆర్‌ఎన్‌ఏ పోగు. ముప్పై నుంచి ఎనభై అక్షరాల పొడవు ఉంటుంది. మన జన్యువుల్లో డీఎన్‌ఏ చేసే పని వేరు, అక్కడ అక్షరాల వరుసే సమాచారం. ఆప్టమర్‌లో ఆ వరుసకు అర్థమేమీ లేదు. ఆ పోగు తన మీద తనే మడత పడి ఒక ఆకారం తీసుకుంటుంది, ఆ ఆకారం ఫలానా ప్రొటీన్ మీద పట్టుగా కూర్చుంటుంది. ఆ ప్రొటీన్ శరీరంలో మంటను (ఇన్‌ఫ్లమేషన్‌ని) ఎగదోసేదైతే, ఆప్టమర్ దాన్ని కప్పేస్తే ఆ పని ఆగుతుంది. అడాలిముమాబ్ లాంటి యాంటీబాడీ చేసేదీ ఇంతే, టీఎన్‌ఎఫ్ అనే ప్రొటీన్‌ని పట్టేసి పని చేయనివ్వదు. గురి ఒకటే, ఆయుధం వేరు.

1990లో అమెరికాలో రెండు బృందాలు, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా, ఈ పద్ధతిని కనిపెట్టాయి. కొలరాడోలో క్రెయిగ్ టర్క్, లారీ గోల్డ్. బోస్టన్‌లో ఆండ్రూ ఎల్లింగ్టన్, జాక్ షోస్టాక్. షోస్టాక్‌కి 2009లో నోబెల్ వచ్చింది గానీ దీనికి కాదు, క్రోమోజోముల చివరల మీద చేసిన పనికి.

ఆప్టమర్‌ని ఎవరూ బొమ్మ గీసి తయారు చేయరు, వెతికి పడతారు. ఆ పద్ధతి పేరు సెలెక్స్. ఒక చిన్న ట్యూబులో, కంటికి నీటిచుక్కలా కనిపించే ద్రవంలో, కోటి కోట్ల దాకా వేర్వేరు పోగులుంటాయి. దాన్ని 95 డిగ్రీలకు వేడి చేసి, మంచులో పెట్టి చల్లార్చి, మెగ్నీషియం ఉన్న బఫర్ కలుపుతాం. అప్పుడు పోగులన్నీ ఎవరి మడత వాళ్లు పడతాయి. మనకు కావలసిన ప్రొటీన్‌ని గోధుమరంగు అయస్కాంత పూసలకు అతికించి అందులో వేస్తాం. కాసేపయ్యాక ట్యూబుని అయస్కాంతం పక్కన నిలబెడితే పూసలన్నీ గోడకి చేరి సన్నటి గీతలా అతుక్కుంటాయి. పిపెట్‌తో ద్రవం లాగేసి కడిగి, పూసలను పట్టుకుని మిగిలిన పోగులను విడదీసి, పీసీఆర్‌లో వాటినే కోట్లుగా పెంచుతాం. మళ్లీ మొదటి నుంచి. రౌండు రౌండుకీ ప్రొటీన్ తగ్గిస్తాం, కడుగుడు పెంచుతాం. ఎనిమిది పది రౌండ్లయ్యేసరికి గట్టిగా పట్టేవి కొన్ని పైకి తేలతాయి.

చదవడానికి సాఫీగానే ఉంటుంది. ల్యాబులో తరచూ జరిగేదేమిటంటే, ప్రొటీన్‌ని కాకుండా ఆ పూసలనే పట్టుకునే పోగులు గెలుస్తాయి. అందుకే ప్రతి రౌండుకీ ముందు ఉత్త పూసల మీదుగా పంపి, వాటికి అతుక్కున్నవాటిని పారబోస్తాం. అంత చేసినా కొన్ని ప్రొటీన్ల మీద ఏదీ నిలవదు. ఆర్‌ఎన్‌ఏకి రుణావేశం ఉంటుంది కాబట్టి ధనావేశం ఉన్న ప్రొటీన్ అయితే పట్టు త్వరగా దొరుకుతుంది. అలా తేలిగ్గా దొరికిన పట్టుని నేనైతే ముందు అనుమానిస్తాను, అది ఇంకో పది ప్రొటీన్లను కూడా పట్టే రకం కావచ్చు.

మీరు గుర్తుంచుకోవలసింది ఒక్కటే: "ఫలానా వ్యాధి ప్రొటీన్‌కి ఆప్టమర్ కనుగొన్నారు" అని వార్త వస్తే, అది పైన చెప్పిన ట్యూబు దశ. అక్కడినుంచి మందుల షాపు దాకా ఉన్న దారిలో ఇది మొదటి మలుపు కూడా కాదు.

ఇప్పటిదాకా ఆమోదం వచ్చినవి రెండే, రెండూ కంట్లో వేసేవే

మొదటిది పెగాప్టానిబ్, అమ్మకం పేరు మాక్యుజెన్. 2004 డిసెంబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదించింది. వయసుతో వచ్చే రెటీనా జబ్బులో, రక్తనాళాలు అడ్డదిడ్డంగా మొలిచే రకానికి. ఆరు వారాలకోసారి 0.3 మిల్లీగ్రాములు కంట్లోకి ఇంజెక్షన్. పనిచేసింది. కానీ అది చూపు పోయే వేగాన్ని తగ్గించింది, అంతే. 2006లో రానిబిజుమాబ్ వచ్చింది, అది యాంటీబాడీ ముక్క, చాలామందిలో చూపుని మెరుగు పరిచింది కూడా. ఇక మాక్యుజెన్‌ని అడిగేవాళ్లు లేకుండా పోయారు. యాంటీబాడీల కాలం చెల్లిందని మీ బావగారి వీడియో అంటోంది కదా, జరిగిన చరిత్ర దానికి సరిగ్గా తిరగబడి ఉంది.

రెండోది మీ ప్రశ్నకి దగ్గరిది. అవాసిన్‌కాప్టాడ్ పెగోల్, అమ్మకం పేరు ఐజర్వే. 2023 ఆగస్టులో ఆమోదం వచ్చింది. రెటీనా మధ్యభాగం మచ్చలు మచ్చలుగా ఎండిపోయే జబ్బుకి వాడతారు. ఇది పట్టేది సీ5 అనే ప్రొటీన్‌ని, మన రోగనిరోధక వ్యవస్థలో కాంప్లిమెంట్ అనే గొలుసులో ఒక లింకు అది. ఆ గొలుసు అదుపు తప్పితే సొంత కణాలనే కాలుస్తుంది. అంటే ఇన్‌ఫ్లమేషన్ మీద నేరుగా పనిచేస్తూ ఆమోదం దాకా వచ్చిన ఆప్టమర్ ఇదొకటుంది. ఇదీ మచ్చ పెరిగే వేగాన్ని తగ్గిస్తుందే తప్ప పోయిన చూపుని తేదు.

1990లో పద్ధతి దొరికింది. ఇన్నేళ్లలో రెండు మందులు. రెండూ కంట్లోనే. ఇది కాకతాళీయం కాదు.

ప్రొటీన్‌ని పట్టడంలో లోటు లేదు, ఒంట్లో నిలవడంలోనే ఉంది

మామూలు ఆర్‌ఎన్‌ఏ పోగుని మనిషి సీరమ్‌లో వేసి, కొన్ని నిమిషాలకోసారి కొంచెం తీసి, పోగు ఎంత మిగిలిందో చూపించే జెల్ మీద నడిపితే, మొదటి గడిలో చక్కటి గీత, రెండో గడిలో మసక, ఆ తర్వాత ఏమీ ఉండదు. మన రక్తంలో న్యూక్లియేజ్ ఎంజైములు నిండి ఉంటాయి, బయటి ఆర్‌ఎన్‌ఏ కనిపిస్తే ముక్కలు చేయడమే వాటి పని. దీనికి రసాయన శాస్త్రం దారి కనుక్కుంది. ఒక్కో అక్షరంలో ఉండే చక్కెర భాగంలో ఫ్లోరిన్ గానీ మీథాక్సీ గానీ పెట్టి, చివర ఒక అక్షరాన్ని తిప్పి అతికిస్తే ఎంజైములకు చిక్కదు. జర్మనీలోని నాక్సన్ అనే కంపెనీ ఇంకాస్త ముందుకెళ్లి, ప్రకృతిలో ఉండే ఆర్‌ఎన్‌ఏకి అద్దంలో ప్రతిబింబమైన ఆర్‌ఎన్‌ఏతోనే ఆప్టమర్లు చేసింది. మన ఎంజైములు దాన్ని గుర్తే పట్టవు.

ఎంజైములను తప్పించుకుంటే కిడ్నీ ఉంది. యాంటీబాడీ బరువు 150 కిలోడాల్టన్లు (అణువుల బరువు కొలిచే ప్రమాణం), ఆప్టమర్ సుమారు 10 నుంచి 25. కిడ్నీని జల్లెడ అనుకుంటే యాంటీబాడీ పైన ఆగిపోతుంది, ఆప్టమర్ పిండిలా జారిపోయి మూత్రంలో కలుస్తుంది. అందుకే దానికి పెగ్ అనే పాలిమర్ తోకని, తరచుగా 40 కిలోడాల్టన్లది, తగిలిస్తారు. మందుల పేర్లలో "పెగ్", "పెగోల్" అని కనిపించేది దీని వల్లే. ఆప్టమర్ కన్నా దాని తోకే బరువన్నమాట.

ఇంత చేసినా అడాలిముమాబ్ లాంటి యాంటీబాడీలు రక్తంలో రెండు వారాలు ఉన్నట్టు ఇవి ఉండవు. కన్ను వేరు. అది మూసి ఉన్న చిన్న గది, ఎంజైములు తక్కువ, కిడ్నీకి దారి లేదు, కొంచెం మందు చాలు.

ఒక లెక్క చూడండి. ఐజర్వే నెలకి కంటికి 2 మిల్లీగ్రాములు. అదే నాక్సన్ వాళ్లు డయాబెటిస్ కిడ్నీ జబ్బు మీద పరీక్షించిన ఎమాప్టికాప్ అనే ఆప్టమర్ డోసు, కిలో బరువుకి 0.5 మిల్లీగ్రాముల చొప్పున వారానికి రెండుసార్లు చర్మం కింద ఇంజెక్షన్. అరవై కిలోల మనిషికి వారానికి 60 మిల్లీగ్రాములు, నాలుగు వారాలకి 240. కంటి డోసుకి నూటఇరవై రెట్లు. అడాలిముమాబ్ అయితే రెండు వారాలకోసారి 40 మిల్లీగ్రాములు, ఒక్క పోటు. అమ్మగారు వారానికి రెండు పోట్లు ఒప్పుకుంటారా అన్నది కూడా ఇందులో లెక్కే.

మంట జబ్బుల మీద ఇప్పటిదాకా జరిగింది

కీళ్లవాతం మీద ఆశ పుట్టించే పని లేకపోలేదు. 2011లో జపాన్ వాళ్లు ఐఎల్-17ఏ అనే ప్రొటీన్‌ని పట్టే ఆప్టమర్‌తో ఎలుకల్లో కీళ్ల వాపుని తగ్గించారు. 2016లో ఐఎల్-6 అనే ఇంకో మంట ప్రొటీన్‌ని పట్టే, రసాయన మార్పులు చేసిన ఆప్టమర్ ఒకటి, కోతుల్లో కృత్రిమంగా తెచ్చిన కీళ్లవాతాన్ని నెమ్మదింపజేసింది. టీఎన్‌ఎఫ్‌ని పట్టే ఆప్టమర్లూ ఉన్నాయి. ఏదీ కీళ్లవాతానికి మందుగా బయటికి రాలేదు. ఎందుకంటే అదే టీఎన్‌ఎఫ్‌కి, అదే ఐఎల్-6కి బాగా పనిచేసే యాంటీబాడీలు అప్పటికే బజారులో ఉన్నాయి. కోట్ల డాలర్లు పోసి, వాటికన్నా తక్కువసేపు ఒంట్లో నిలిచే మందుతో పోటీకి దిగేదెవరు? సైన్సు ఓడిపోయిందనుకోకండి, ఇది వ్యాపార లెక్క. పైగా సెలెక్స్ పద్ధతి మీద పేటెంట్లు చాలాకాలం కొద్దిమంది చేతుల్లోనే ఉండిపోయాయి, మిగతావాళ్లు ఆ దరికి రాకపోవడానికి అదీ ఒక కారణం.

మనుషుల మీద జరిగినవాటిలో పైన చెప్పిన ఎమాప్టికాప్ ఒకటి. మంట కణాలను కిడ్నీలోకి పిలిచే సీసీఎల్2 అనే ప్రొటీన్‌ని పడుతుంది. 75 మందితో, పన్నెండు వారాలు. మందు తీసుకున్నవాళ్లలో మూత్రంలో ఆల్బుమిన్ (కిడ్నీ దెబ్బతింటే మూత్రంలోకి జారే ప్రొటీన్) మొదటికన్నా 29 శాతం తగ్గింది, ఆపాక కూడా కొన్ని వారాలు ఆ ఫలితం నిలిచింది. కానీ మందు లేని ఉత్త ఇంజెక్షన్ (ప్లాసిబో) తీసుకున్న గుంపుతో పోలిస్తే తేడా గణాంకపరంగా గీత దాటలేదు. ఇలాంటి ఫలితాన్నే వార్తల్లో "విజయవంతం" అని రాస్తారు. నా లెక్కలో ఇది "ఇంకా పెద్ద ట్రయల్ చేస్తే తెలుస్తుంది" అన్న ఫలితం.

నాకు బాగా నచ్చింది స్పెయిన్ వాళ్ల ఆప్టోల్. పక్షవాతం వచ్చినప్పుడు మెదడులో గడ్డని తీసేశాక కూడా, టీఎల్‌ఆర్4 అనే గ్రాహకం ద్వారా రేగే మంట నష్టం చేస్తూ ఉంటుంది. ఆ గ్రాహకాన్ని ఇది మూసేస్తుంది. 2023లో ప్రచురించిన చిన్న ట్రయల్లో, సరైన డోసు పడినవాళ్లలో తొంభై రోజుల్లో చనిపోయినవాళ్లు సుమారు 5 శాతం, మందు లేనివాళ్లలో దానికి మూడు రెట్ల పైనే. గుంపులు చిన్నవి, కాబట్టి పండగ చేసుకోకూడదు. అయినా ఎందుకు నచ్చిందంటే, ఆప్టమర్ బలహీనతని ఇక్కడ బలంగా వాడుకున్నారు. పక్షవాతంలో మందు కావలసింది కొద్ది గంటలు. ఆ తర్వాత ఒంట్లోంచి పోతేనే మేలు, రోగనిరోధక శక్తిని రోజుల తరబడి తొక్కిపెట్టి ఉంచాల్సిన పని లేదు.

దీనికి పూర్తి విరుద్ధమైన కథ బీసీ 007. బెర్లిన్ క్యూర్స్ అనే కంపెనీది. మన శరీరం మీదకే తిరగబడే కొన్ని యాంటీబాడీలను ఈ ఆప్టమర్ పట్టేస్తుందని వాళ్ల ఆలోచన. 2021లో జర్మనీలోని ఎర్లాంగెన్‌లో లాంగ్ కోవిడ్ ఉన్న ఒక రోగికి ఇస్తే బాగా తేరుకున్నాడని వార్తలొచ్చాయి. ప్రపంచమంతా రోగులు ఆ మందు ఎప్పుడొస్తుందని ఎదురుచూశారు. 2024 నవంబరులో రెండో దశ ట్రయల్ ఫలితం బయటికొచ్చింది: ప్లాసిబో కన్నా మెరుగేమీ లేదు. మీ బావగారి వీడియోలో కూడా ఒక రోగి తేరుకున్న కథ ఉందన్నారు కదా. అది అబద్ధమని నేననను. ఒక మనిషి తేరుకోవడానికి సవాలక్ష కారణాలుంటాయి. పక్కన మందు పడని గుంపుని పెట్టి చూస్తే తప్ప ఆ ఘనత మందుదో కాదో తేలదు.

"సైడ్ ఎఫెక్టులు ఉండవు"

ఈ మాట వింటే ఈ రంగంలో ఉన్నవాళ్లకి పెగ్‌నివాకోజిన్ గుర్తొస్తుంది. రక్తం గడ్డకట్టడానికి కావలసిన ఫ్యాక్టర్ 9ఏని పట్టే ఆప్టమర్ అది. దాంతోపాటు విరుగుడు కూడా ఉండేది, ఆప్టమర్‌కి జతపడే అక్షరాలతో ఒక పోగు. దాన్ని ఇంజెక్ట్ చేస్తే ఆప్టమర్ మడత విప్పుకుని నిమిషాల్లో పని మానేస్తుంది. గుండె స్టెంట్ వేసేటప్పుడు ఇంతకన్నా ఏం కావాలి? పదమూడు వేల మందికి పైగా రోగులతో పెద్ద ట్రయల్ మొదలుపెట్టారు. 2014లో, మూడు వేల పైచిలుకు మంది చేరాక, ఆపేయాల్సి వచ్చింది. కొందరిలో తీవ్రమైన ఎలర్జీ రియాక్షన్లు వచ్చాయి. తర్వాత తేలిందేమిటంటే, వాళ్ల రక్తంలో ఆ పెగ్ తోకకి వ్యతిరేకంగా యాంటీబాడీలు ముందే ఉన్నాయి. సౌందర్య సాధనాల్లో, విరేచనం మందుల్లో పెగ్ వాడతారు, కాబట్టి చాలామంది ఒంటికి అది కొత్తది కాదు.

ఆప్టమర్ మీదే శరీరం యాంటీబాడీలు తయారు చేయడం అరుదు, ఆ మాట నిజమే. వీడియోలో చెప్పిన సగం నిజం అదే. కానీ దాన్ని ఒంట్లో నిలబెట్టడానికి తగిలించిన తోక విషయంలో ఆ భరోసా లేదు. ఇంకొక ముచ్చట: కొన్ని రకాల డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ వరుసలను మన కణాలు బ్యాక్టీరియాదో వైరస్‌దో అనుకుని మంటను రేపుతాయి. మంట తగ్గించే మందే మంట పెట్టకుండా చూసుకోవడానికి కూడా ఆ రసాయన మార్పులు అవసరం.

ఇంకా ముఖ్యమైనది మీరు ఆలోచించే ఉంటారు. టీఎన్‌ఎఫ్‌ని అడ్డుకుంటే టీబీ తిరగబెట్టే ప్రమాదం పెరుగుతుంది. అది అడాలిముమాబ్ యాంటీబాడీ కావడం వల్ల వచ్చింది కాదు, టీఎన్‌ఎఫ్‌ని అడ్డుకోవడం వల్ల వచ్చింది. రేపు ఆప్టమర్‌తో అడ్డుకున్నా ఆ ప్రమాదం అలాగే ఉంటుంది.

"ధర తక్కువ"

పరిశోధనకి కావలసిన చిటికెడు డీఎన్‌ఏ ఆర్డర్ చేస్తే చవకే. యాంటీబాడీకి బతికున్న కణాలను ట్యాంకుల్లో పెంచాలి, ఆప్టమర్‌ని మెషిన్‌లో రసాయనాలతో ఒక్కో అక్షరం అతికించి చేస్తారు, బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ తేడా తక్కువ. ఇవన్నీ నిజమే. కానీ ఒక్కో అక్షరం 99 శాతం సరిగ్గా అతుక్కుందనుకున్నా, నలభై అక్షరాలు అయ్యేసరికి పూర్తి పోగు వచ్చేది 67 శాతమే. 98 శాతమైతే 45. మిగిలినదంతా ఒక అక్షరం తక్కువైన పోగులు, అసలు దానితో దాదాపు సమానమైన బరువుతో, వేరు చేయడానికి ప్రాణం తీస్తాయి. నా ఉద్యోగంలో పెద్ద భాగం ఆ తక్కువైన పోగులను క్రోమాటోగ్రాఫ్ (కలిసిన అణువులను వేరు చేసి చూపించే యంత్రం) మీద వెతకడమే, కాబట్టి ఈ బాధ నాకు బాగా తెలుసు. ఆ తర్వాత పెగ్ అతికించాలి, మళ్లీ శుద్ధి చేయాలి. ఇదంతా నెలకి 2 మిల్లీగ్రాముల కంటి మందుకైతే మోయొచ్చు. 240 మిల్లీగ్రాములకి?

ఇటుపక్క మన దేశంలో యాంటీబాడీల ధరలు ఒకప్పటిలా లేవు. హైదరాబాద్‌లోని డాక్టర్ రెడ్డీస్ 2007లోనే రిటుక్సిమాబ్ అనే యాంటీబాడీకి బయోసిమిలర్ (అసలు బయోలాజిక్‌కి దాదాపు సమానంగా చేసిన మందు) తెచ్చింది. అడాలిముమాబ్‌కి ప్రపంచంలో మొదటి బయోసిమిలర్ 2014 చివర్లో మన జైడస్ నుంచే వచ్చింది. ఇప్పుడు ఒకటికి నాలుగు బ్రాండ్లున్నాయి, ధరల్లో తేడా కూడా బాగా ఉంటుంది. డాక్టరు గారిని మొహమాటపడకుండా అడగండి.

వీడియోలో కలగాపులగం అయినది ఒకటుంది

"ఆర్‌ఎన్‌ఏ మందు, ఆరు నెలలకి ఒక్క ఇంజెక్షన్" అని అందులో చెప్పారని రాశారు. అది ఆప్టమర్ కాదు. కొలెస్ట్రాల్‌కి ఇచ్చే ఇంక్లిసిరాన్ గురించి అయి ఉంటుంది. అది ఎస్ఐఆర్‌ఎన్‌ఏ అనే వేరే జాతి. కణం లోపలికి వెళ్లి, ఒక ప్రొటీన్ తయారు కాకుండానే ఆపేస్తుంది. ఒక చక్కెర గుర్తు తగిలిస్తే కాలేయం దాన్ని తనే లాక్కుని నెలల తరబడి దాచుకుంటుంది, అందుకే ఆరు నెలలు. ఆప్టమర్ పని కణం బయట, తయారైపోయిన ప్రొటీన్ మీద. రెండూ న్యూక్లియిక్ ఆమ్లాలే అయినా ఒకదాని గొప్పని ఇంకోదానికి అంటగట్టడం కుదరదు.

మరి ఇది పనికిరాని విద్యా అంటే, కాదు

నా అంచనా చెబుతాను, అంచనాగానే తీసుకోండి. ఒళ్లంతా తిరగాల్సిన దీర్ఘకాలిక జబ్బుల్లో ఆప్టమర్లు యాంటీబాడీలను పక్కకి నెట్టే సూచనలు నాకు కనిపించడం లేదు. మందు ఒకచోటే ఉంటే చాలు అనుకునే జబ్బులు, కొద్ది గంటలు పనిచేస్తే చాలు అనుకునే జబ్బులు, ఈ రెండిట్లో వీటికి చోటుంది. కన్ను ఎలాగూ నిరూపణ అయింది. నేను ఆసక్తిగా చూస్తున్నది చర్మం. మామూలుగా 500 డాల్టన్లు దాటిన అణువు చర్మం లోపలికి దిగదని మా చదువుల్లో చెబుతారు. 2018లో వచ్చిన ఒక పరిశోధనలో, సోరియాసిస్‌ని నడిపే ఐఎల్-23ని పట్టే 62 అక్షరాల ఆప్టమర్, 20 వేల డాల్టన్ల పైమాటే, దెబ్బతినని మనిషి చర్మపు ముక్కలోకి పైపూతగా దిగి పనిచేసింది. అది ల్యాబులో పెట్టిన చర్మం, రోగి ఒంటి మీద చర్మం కాదు. అయినా ఇంజెక్షన్ అక్కర్లేని ఐఎల్-23 మందు లేపనంగా వచ్చే వీలుందంటే సోరియాసిస్ ఉన్నవాళ్లకి చిన్న విషయం కాదు.

ఇంకో సంగతి, ఇన్‌ఫ్లమేషన్ వల్ల వచ్చే రక్తహీనత. కీళ్లవాతం ఉన్న ఆడవాళ్లలో హిమోగ్లోబిన్ ఎన్ని ఐరన్ మాత్రలు మింగినా పెరగకపోవడానికి తరచుగా ఇదే కారణం. మంట వల్ల హెప్సిడిన్ అనే హార్మోన్ పెరిగి ఐరన్‌ని లోపలే బిగించేస్తుంది. లెక్సాప్టెపిడ్ అనే ఆప్టమర్ ఆ హెప్సిడిన్‌ని పడుతుంది. ఆరోగ్యవంతులైన వాలంటీర్లకి కృత్రిమంగా మంట రప్పించి ఇస్తే, రక్తంలో ఐరన్ పడిపోకుండా కాపాడింది. ఇది నిజంగా తెలివైన ఆలోచన, మందుగా ఇంకా రాలేదు.

ఇక మందుగా కాకుండా పరీక్షల్లో ఆప్టమర్లు ఇప్పటికే దండిగా వాడుకలో ఉన్నాయి. లారీ గోల్డ్ స్థాపించిన సోమాలాజిక్ వాళ్ల పద్ధతిలో ఒక్క రక్తపు బొట్టంత నమూనాలో వేల ప్రొటీన్లను ఆప్టమర్లతో కొలుస్తారు. మన దగ్గర ఫరీదాబాద్‌లోని ప్రభుత్వ పరిశోధన సంస్థ టీహెచ్‌ఎస్‌టీఐలో ఆప్టమర్లతో టీబీ లాంటి జబ్బుల నిర్ధారణ పరీక్షల మీద పని జరిగింది. అక్కడ ఒంట్లో నిలవాల్సిన గొడవ లేదు కాబట్టి వాటి దారి సాఫీ.

అమ్మగారి విషయంలో

మెథోట్రెక్సేట్ చాలక కణుపులు వాస్తున్నాయంటే వ్యాధి అదుపులో లేదని అర్థం. తర్వాతి మెట్టు ఎక్కమని డాక్టరు చెప్పడం మామూలు పద్ధతే. మొదలుపెట్టే ముందు టీబీ కోసం ఛాతీ ఎక్స్‌రే, మాంటూ (చర్మం మీద చేసే పరీక్ష) లేదా రక్తపరీక్ష, హెపటైటిస్ బి, సి పరీక్షలు అడుగుతారు. అడగకపోతే మీరే అడగండి. మన దేశంలో నిద్రాణమైన టీబీ ఎంతమందిలో ఉంటుందో తెలుసు కదా, ఈ పరీక్షలు దాటవేయడానికి వీల్లేదు. ఇంట్లో ఎవరికైనా ఎప్పుడైనా టీబీ వచ్చి ఉంటే తప్పకుండా చెప్పండి. ఇంజెక్షన్ అంటే భయం వల్లే ఆవిడ వాయిదా వేస్తుంటే, టోఫాసిటినిబ్ లాంటి మాత్రలు కూడా ఉన్నాయి. అయితే యాభై దాటి, గుండెజబ్బు ముప్పు ఉన్నవాళ్లలో వాటి గురించి 2021లో ఎఫ్‌డీఏ గట్టి హెచ్చరిక ఇచ్చింది, కాబట్టి అది డాక్టరు తూచి చెప్పాల్సిన మాట. వీడియో చూసి మెథోట్రెక్సేట్ మాత్రం మానిపించకండి. అది వారానికి ఒక్కరోజే వేసుకోవాలన్నది మీకు తెలిసే ఉంటుంది, అయినా ఒకసారి డబ్బా చూడండి. రోజూ వేసుకుని ఆసుపత్రి పాలైనవాళ్లు మన ఊళ్లలో ఉన్నారు.

ట్రయల్లో చేర్పించడం గురించి: కీళ్లవాతానికి ఆప్టమర్ ట్రయల్ ఉంది, రండి అని ఎవరైనా ఫోన్ చేస్తే ముందు సీటీఆర్‌ఐ (మన దేశపు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ) నంబరు అడగండి. 2009 నుంచి మన దేశంలో మందుల ట్రయల్ ఏదైనా ఆ రిజిస్ట్రీలో నమోదు కావాల్సిందే, ఆ వెబ్‌సైట్‌లో ఎవరైనా వెతికి చూసుకోవచ్చు. నంబరు చెప్పలేకపోయినా, ప్రయోగదశలో ఉన్న మందుకి మీ దగ్గరే డబ్బు అడిగినా ఫోన్ పెట్టేయండి. అడాలిముమాబ్ మొదలయ్యాక సాధారణంగా మూడు నెలల్లోపు తేడా తెలుస్తుంది. అప్పటికీ పిడికిలి ముడవలేకపోతుంటే వేరే గురి ఉన్న యాంటీబాడీకి మారుస్తారు. అప్పుడు ఏ మందు, ఎన్నాళ్లు వాడారు, మంట ఎంతుందో చెప్పే రక్తపరీక్షలు ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ ఎంతున్నాయో రాసి ఇక్కడే అడగండి. నాకు తెలియనిది ఉంటే ఇక్కడున్న రుమటాలజిస్టులు చెబుతారు.